మా గేదె మీద పద్యం

మా అమ్మాయి కాలేజీ తల్లుల వాట్సాప్ గ్రూపులో ఏ రోజు చూసినా ఒక ప్రశ్న ఉంటుంది. "ఫలానా పుస్తకం పీడీఎఫ్ ఎవరి దగ్గరైనా ఉందా అండీ?" అని. ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు పెట్టేస్తారు. వెంటనే పాతిక దండాలు, పది పూలగుత్తులు. పక్కింటావిడ గిన్నెడు పులుసు పంపినంత మర్యాదగా జరిగిపోతుంది వ్యవహారం. పుట్టింటి వైపు ఒకటి, అత్తింటి వైపు ఒకటి, రెండు సంగతులు కళ్ళారా చూసినదాన్ని కాబట్టి నేను ఆ దండాల్లో చేరలేను. అలాగని అక్కడ ఉపన్యాసమూ ఇవ్వలేను. "ఈవిడకేం వచ్చిందమ్మా మధ్యలో" అంటారు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను.

ముందు పుట్టింటి సంగతి.

మా నాన్నగారు తెలుగు పండితులు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు చెప్పారు. పదో తరగతి పిల్లలు చేతికందే వ్యాకరణం మార్కులు పోగొట్టుకుంటున్నారని ఆయనకి ఒకటే బాధ. 1994లో పీఎఫ్ నుంచి ఎనిమిది వేలు అప్పు తీసి, 64 పేజీల చిన్న పుస్తకం వేయించారు. సంధులు, సమాసాలు, ఛందస్సు, అలంకారాలు. వెల పన్నెండు రూపాయలు. వెయ్యి కాపీలు. అచ్చయిన కట్టలు రిక్షాలో ఇంటికొచ్చిన రోజు మా అమ్మ వాటికి పసుపు కుంకుమ పెట్టింది. పుస్తకాలకి పెడితే మరకలవుతాయే అని నాన్నగారు మొత్తుకుంటున్నా వినలేదు.

ఆ పుస్తకంలో గొప్ప ఏమిటంటే, ఛందస్సుకి ఉదాహరణలు ఆయన పాఠ్యపుస్తకంలోంచి తీసుకోలేదు. అన్ని గైడ్లలోనూ అవే పద్యాలుంటాయి, పిల్లలు గణవిభజన కూడా బట్టీ పట్టేస్తున్నారని, తనే కొత్తగా పద్యాలు రాశారు. బడి గంట మీద ఒకటి, ఎండాకాలం బస్సు ప్రయాణం మీద ఒకటి, మా గేదె మీద ఒక ఆటవెలది. గేదె పేరు గౌరి. అమ్మ తవుడు పెట్టినా పాలు చేపదు, నాన్నగారి గొంతు వింటేనే చేపుతుంది. పద్యంలో ఉన్నదంతా అదే. క్లాసులో ఆ పద్యం చెప్తే పిల్లలు నవ్వుకుంటూ ఇంద్రగణాలు, సూర్యగణాలు నేర్చేసుకునేవాళ్ళు. ఆదివారాలు నాన్నగారు సంచీలో పాతిక కాపీలు వేసుకుని, బస్సెక్కి చుట్టుపక్కల స్కూళ్ళకి తిరిగేవారు. ఆ ఏడాది మూడొందల పైచిలుకు అమ్మారు. ఇంకో ఏడాది ఇలా తిరిగితే అప్పు తీరుతుందని లెక్క.

మరుసటి జూన్‌లో ఆయన శిష్యుడొకడు కొత్త గైడు పట్టుకొచ్చి చూపించాడు. పట్నంలో అచ్చయింది, నలభై అయిదు రూపాయలు, రంగుల అట్ట. అందులో వ్యాకరణం భాగమంతా నాన్నగారిదే. బడి గంట పద్యం ఉంది, బస్సు పద్యం ఉంది, మా గౌరి కూడా ఉంది. ఇంకా విచిత్రం, నాన్నగారి పుస్తకంలో మూడుచోట్ల అచ్చుతప్పులు పడ్డాయి. ట్రెడిల్ ప్రెస్సులో అక్షరం అక్షరం కూర్చే రోజులు, తప్పులు మామూలే. వాటికి ఆయన తప్పొప్పుల పట్టిక చీటీ వేయించి ప్రతి కాపీలోనూ అంటించారు. గైడువాళ్ళు ఆ మూడు తప్పులూ అలాగే దించేశారు. దొంగిలించినవాళ్ళకి చీటీ చదివే ఓపిక కూడా లేకపోయింది. కాపీ కేసుల్లో వకీళ్ళు ముందుగా వెతికేది ఇలాంటి తప్పుల్నేనని తర్వాతెప్పుడో తెలిసింది. ఒప్పులు ఇద్దరికీ ఒకేలా వచ్చే వీలుంది, మూడు తప్పులు ఒకేచోట ఒకేలా రావు కదా.

నాన్నగారు ఉత్తరం రాశారు. జవాబు లేదు. రెండోది రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. దానికి ప్రతిఫలంగా ఆ గైడువే రెండు ఉచిత ప్రతులు వచ్చాయి! ఆ తర్వాత వాళ్ళ ఏజెంటు ఒకతను స్కూలుకొచ్చినప్పుడు అడిగితే, "వ్యాకరణం మీ సొత్తా మాస్టారూ? సంధులు మీరు పుట్టించారా?" అన్నాట్ట.

అతని మాటలో సగం నిజముంది, అదే చిక్కు. సంధులు ఎవరి సొత్తూ కాదు. సూత్రం ఎవరిదీ కాదు, విషయం ఎవరిదీ కాదు. కానీ దాన్ని చెప్పిన తీరు, కూర్చిన వాక్యం, రాసిన పద్యం రాసినవాళ్ళవే. 1957 నాటి కాపీరైటు చట్టం చెప్పేదీ అదే. దానికి రిజిస్ట్రేషను కూడా తప్పనిసరి కాదు. కాగితం మీద పెట్టిన క్షణం నుంచీ హక్కు పుడుతుంది, రాసినవాళ్ళు పోయాక ఇంకో అరవై ఏళ్ళు వారసులకి ఉంటుంది. మొదట్లో ఇది యాభై ఏళ్ళే. రవీంద్రనాథ్ టాగూర్ 1941లో పోయారు, ఆ లెక్కన 1991తో ఆయన రచనల మీద విశ్వభారతికి హక్కు తీరిపోతుందని, అప్పుడు చట్టం మార్చి మరో పదేళ్ళు పెంచారు. గురజాడ 1915లోనే పోయారు కనుక కన్యాశుల్కం ఎవరైనా వేసుకోవచ్చు. విశ్వనాథ 1976లో పోయారు కాబట్టి వేయిపడగలు 2036 చివరిదాకా అడగకుండా వేయకూడదు. బీఏలో నాకీ లెక్కలు ఎవరూ చెప్పలేదు. చెప్పింది గ్రంథచౌర్యం గురించి, కృతికన్య గురించి. మన పాత కవులు కావ్యాన్ని ఆడపిల్లన్నారు, అంకితం పుచ్చుకున్నవాణ్ణి కృతిపతి అన్నారు. పిల్లనిచ్చేటప్పుడు తండ్రి మర్యాద తండ్రికి దక్కేది. ముక్కు తిమ్మనగారు ముక్కు మీద రాసిన పద్యాన్ని రామరాజభూషణుడు డబ్బిచ్చి కొనుక్కుని వసుచరిత్రలో పెట్టుకున్నాడని ఒక చాటుకథ ఉంది. నిజమో కాదో గానీ, ఆ కథలో కూడా కొనుక్కున్నాడనే చెప్పుకున్నారు, ఎత్తుకుపోయాడని కాదు.

సరే, మా ఇంటి దగ్గర ఏం జరిగిందంటే, వెయ్యిలో ఆరొందల చిల్లర కాపీలు అటకెక్కాయి. ఒకేచోట అన్ని సబ్జెక్టులూ ఉన్న గైడు దొరుకుతుంటే పన్నెండు రూపాయలు పెట్టి ఇది వేరే ఎవరు కొంటారు? పీఎఫ్ అప్పు జీతంలోంచి నెలనెలా కోత పడుతూ వచ్చింది. మూడేళ్ళ తర్వాత అటకమీద చెదలు పట్టబోతే అమ్మ సగం కట్టలు పచారీ కొట్టుకిచ్చేసింది. ఒకరోజు మా తమ్ముడు తెచ్చిన వేరుశనక్కాయల పొట్లం విప్పితే ఉత్పలమాల లక్షణాలు! అందరం నవ్వాం, నాన్నగారు కూడా. రెండో పుస్తకం రాస్తానని నోటుబుక్కుల్లో సామెతలు, జాతీయాలు ఎత్తి పెట్టుకున్నారు అంతకుముందు. అవి అలాగే ఉండిపోయాయి. డబ్బు పోయింది ఎలాగూ పోయింది, ఆ రెండో పుస్తకం సంగతే నాకిప్పటికీ కలుక్కుమంటుంది.

ఇక అత్తింటి సంగతి. ఇందులో దొంగ మావాడే.

మా చిన్న మరిదికి జూనియర్ కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు ఉండేది. డీటీపీ, లామినేషను, స్పైరల్ బైండింగు, పాస్‌పోర్టు ఫొటోలు, అన్నీ అక్కడే. మనిషి చాలా మంచివాడు. పరీక్ష ఫీజుకి పిల్లల దగ్గర డబ్బు తక్కువైతే తనే వేసి కట్టేవాడు. ముద్ర లోనులో పెద్ద మిషను తీసుకున్నాడు, నెలకి 6,400 కిస్తీ. దాంతోపాటే మొదలైంది పుస్తకాలకి పుస్తకాలు జిరాక్స్ తీయడం. కాంపిటీషన్ పుస్తకం ఒకటి 480 రూపాయలుంటే, మొత్తం తీసి స్పైరల్ వేసి 150కి ఇచ్చేవాడు. ముందు పిల్లలు అడిగితే తీసేవాడు, తర్వాత అడగకముందే తీసి వరసగా పేర్చి పెట్టడం మొదలుపెట్టాడు. జూన్, జులై నెలల్లో ఇద్దరు కుర్రాళ్ళని పెట్టుకున్నాడు. "వదినా, పేదపిల్లలకి సాయం కదా" అనేవాడు. సాయమే కావచ్చు, కానీ దాంట్లో కాపీకి నలభై, యాభై మిగిలేది కూడా.

2018 ఆగస్టులో ఇద్దరు మనుషులు వచ్చి, పిల్లల్లాగే రెండు పుస్తకాలు కొని, బిల్లు అడిగి మరీ తీసుకున్నారు. ఈ పిచ్చి మహారాజు బిల్లు కూడా రాసిచ్చాడు. రెండు రోజులకి వాళ్ళే ఎస్సైతో వచ్చారు. కాపీరైటు కేసుల్లో ఎస్సై హోదాకి తగ్గని పోలీసు అధికారి వారంటు లేకుండానే కాపీలనీ, వాటిని తయారుచేసే సరంజామానీ స్వాధీనం చేసుకోవచ్చు. పంచనామా రాసి, నూట పది పుస్తకాలు, రెండు మిషన్లు ఆటోట్రాలీలో ఎక్కించారు. మా మరిదిని జీపులో ఎక్కించారు. కాలేజీ వదిలే వేళ. చుట్టూ ఉన్నవాళ్ళంతా అతని దగ్గర పుస్తకాలు కొన్న పిల్లలే.

రాత్రి పదకొండుకి స్టేషను బెయిలు మీద వచ్చాడు. ఆ రోజుల్లో ఈ నేరానికి బెయిలు విషయంలో ఒక్కో హైకోర్టు ఒక్కోలా చెప్పేదట. 2022 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పేసింది, 63వ సెక్షను కింద నేరం నాన్ బెయిలబుల్ అని. అంటే ఇప్పుడైతే బెయిలు కోసం కోర్టు మెట్లెక్కాల్సిందే. శిక్షేమో ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా. వ్యాపారం కోసం కాకపోతే తగిన కారణం రాసి కోర్టు తగ్గించవచ్చు. షాపు పెట్టుకున్నవాడికి ఆ మినహాయింపు వర్తించదు. రెండోసారి దొరికితే కనీస శిక్షే ఏడాది.

అయితే అసలు శిక్ష తీర్పుతో వచ్చేది కాదని మా తోడికోడల్ని చూశాక తెలిసింది నాకు. మిషను స్టేషను వరండాలో గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. కిస్తీ మాత్రం ప్రతి నెలా ఐదో తారీకున కదులుతూనే ఉంది. కోర్టులో పూచీకత్తు పెట్టి దాన్ని విడిపించుకునేసరికి పద్నాలుగు నెలలైంది, అప్పటికి ఎలకలు వైర్లు కొరికేశాయి. ఇద్దరు కుర్రాళ్ళూ మానేశారు. చిన్నాడు స్కూల్లో ఎవడితోనో కొట్టుకుని చొక్కా చింపుకొచ్చాడు, "మీ నాన్నని పోలీసులు పట్టుకెళ్ళారంట కదా" అన్నాడట వాడెవడో. తోడికోడలు పేరంటాలకి రావడం మానేసింది. ఒకరోజు నా దగ్గరకొచ్చి, "అక్కా, నీ గాజులు కొన్నాళ్ళు ఇస్తావా" అంది. ఆ అమ్మాయి అడగడం అదే మొదలు. నాలుగు గాజులూ తీసిచ్చాను. బ్యాంకులోంచి మళ్ళీ నా చేతికొచ్చేసరికి రెండేళ్ళ పైనే పట్టింది.

ఇంట్లో అందరూ ఆ పబ్లిషర్ని తిట్టినవాళ్ళే. మా అత్తగారైతే శాపనార్థాలు కూడా. "ఊళ్ళో పదిమంది తీస్తుంటే వీడొక్కడే కనపడ్డాడా?" అని మావారు. నాకు మాత్రం నోరు రాలేదు. తిట్టబోతే గౌరి గుర్తొచ్చేది. ఏ వైపు మాట్లాడినా రెండో వైపు ఇంటి మనిషే ఉన్నాడు.

పరామర్శకి నాన్నగారు వచ్చారు. షాపులో మిషను ఉండే చోట నాలుగు కాళ్ళ గుర్తులు మిగిలాయి. అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగారు, "ఆ పుస్తకం రాసినాయన పేరేంటి బాబూ?"

మా మరిది ఆలోచించాడు. వందల కాపీలు తీసిన పుస్తకం. "పేరు లేదు మామయ్యగారూ. అనుభవజ్ఞులైన అధ్యాపకులచే అని ఉంటుంది" అన్నాడు.

నాన్నగారు నవ్వారు. "నా పుస్తకాన్ని ఎత్తుకెళ్ళిన గైడు మీద కూడా అదే ఉంది" అన్నారు. అప్పుడు చెప్పారు గేదె పద్యం కథ, అచ్చుతప్పులతో సహా. మా మరిదికి అది అంతవరకూ తెలియదు. "మరి మీరెందుకు కేసు వేయలేదు మామయ్యగారూ?" అని అడిగాడు.

"వకీలుకి ఎంతవుతుందో లెక్కేశాను. గౌరిని అమ్మాల్సొచ్చేది."

చట్టం ప్రకారం నాన్నగారు ఆ పట్నం దాకా పోనక్కర్లేదు, తను ఉండేచోటి జిల్లా కోర్టులోనే దావా వేయొచ్చు. నష్టపరిహారం అడగొచ్చు, వాళ్ళ లాభాల లెక్క చెప్పించొచ్చు, అమ్మకం ఆపించొచ్చు. అన్నీ పుస్తకంలో ఉన్నాయి. బడిపంతులు ఆ పుస్తకం తెరవాలంటేనే ఒక గేదె ఖరీదు.

మా ప్లీడరుగారు మొదట్లో ధైర్యం చెప్పారు, ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసు గెలిచింది కదా అని. అది వివరంగా తెలుసుకుంటే మాకు పనికొచ్చేది కాదని తేలింది. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ అనే మూడు పెద్ద ప్రచురణ సంస్థలు, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో ఉన్న చిన్న జిరాక్స్ షాపు మీదా, యూనివర్సిటీ మీదా దావా వేశాయి. అక్కడ జరిగింది ఏమిటంటే, సిలబస్‌లో చెప్పిన అధ్యాయాలు పదిరకాల పుస్తకాల్లోంచి కొన్ని కొన్ని పేజీలు తీసి, ఒక కట్టగా కుట్టి పిల్లలకి అమ్మడం. అమర్త్య సేన్ లాంటి రచయితలే కేసు వెనక్కి తీసుకోండని ప్రచురణకర్తలకి రాశారు. 2016లో ఢిల్లీ హైకోర్టు, బోధన కోసం అలా తీసుకోవడానికి చట్టంలోనే వీలుందని చెప్పింది. ఆ ఏడాది చివర్లో పైబెంచి కొన్ని విషయాలు మళ్ళీ విచారించమంది గానీ, 2017లో పబ్లిషర్లే కేసు వదిలేశారు. మంచి తీర్పే. కానీ మావాడు తీసింది సిలబస్ అధ్యాయాలు కాదు, అట్ట నుంచి అట్ట దాకా. పేర్చి పెట్టి అమ్మాడు. ఆ తీర్పు పట్టుకుని వెళితే జడ్జిగారు నవ్వేవారు.

చివరికి రాజీ అన్నారు. 2021లో ప్లీడరుగారి ఆఫీసులో కూర్చున్నాం. నా గాజుల డబ్బు కూడా అందులో ఉంది కనుక నేనూ వెళ్ళాను. పబ్లిషరంటే సూటూబూటూ వేసుకుని వస్తాడనుకున్నాను. అరవై దాటిన మనిషి, చొక్కా జేబులో బీపీ మాత్రలు, రిటైరైన లెక్చరరట. మా మరిదిని తిట్టలేదు. "మీ ఊరికి సీజనులో నాలుగొందల కాపీలు వెళ్ళేవమ్మా. ఆ ఏడాది అరవై వెళ్ళాయి. కాగితం అప్పు, ప్రెస్సు అప్పు, ప్రూఫులు దిద్దే అమ్మాయిలకి జీతాలు. అమ్ముడవని పుస్తకం మరుసటి ఏడాదికి చిత్తుకాగితమే, సిలబస్ మారిపోతుంది. అందుకే ఖరీదు పెంచాను. పెంచితే మీవాడి దగ్గరికి ఇంకా ఎక్కువమంది పోయారు" అన్నారు. నేను అత్తగారి శాపాలన్నీ తలుచుకుని ఇబ్బందిగా కదిలాను.

కానీ నాన్నగారి ప్రశ్న అడక్కుండా ఉండలేకపోయాను. అప్పటికి ఆయన పోయి ఐదు నెలలు. "మీ పుస్తకం ఎవరు రాశారండీ?" అన్నాను. "ఒక అధ్యాపకుడమ్మా. ఒకేసారి డబ్బిచ్చేశాం." "మరి పేరెందుకు వేయలేదు?" "వేస్తే వచ్చే ఏడాది ఇంకో పబ్లిషరు ఎగరేసుకుపోతాడు." అంత నిజాయితీగా చెప్పాక ఏమనాలి? హక్కులు అమ్మేసుకున్నా సరే, తన రచన తనదని చెప్పుకునే హక్కు రచయితకే ఉంటుందని అదే చట్టంలో 57వ సెక్షనులో ఉంది. మూడేళ్ళు నడిచిన కేసు అది. కాగితాల్లో పబ్లిషరు పేరుంది, ముద్దాయి పేరుంది, పంచులు పేర్లున్నాయి, మిషను సీరియల్ నంబరు కూడా ఉంది. పుస్తకం రాసినాయన పేరు ఎక్కడా లేదు.

లక్షన్నర ఇచ్చి, ఇంకెప్పుడూ తీయనని స్టాంపు కాగితం మీద రాసిచ్చి, హైకోర్టులో కేసు కొట్టేయించుకునేసరికి మొత్తం మూడు లక్షల దాకా తేలింది. అన్ని సీజన్లలో ఆ పుస్తకాల మీద మిగిలిందంతా లెక్కేస్తే లక్ష కూడా లేదని మా తోడికోడలు వేళ్ళమీద చెప్పింది.

సినిమావాళ్ళ సంగతి మీకందరికీ తెలుసు, టీవీల్లో చూస్తూనే ఉంటాం. 2013లో అత్తారింటికి దారేది విడుదల కాకముందే సగం సినిమా బయటికి వచ్చేస్తే, కంగారుగా ముందుకు జరిపి సెప్టెంబరు 27న విడుదల చేశారు. అది ఆడింది కాబట్టి సరిపోయింది. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చాక, హాల్లో అనుమతి లేకుండా సినిమాని రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు. జరిమానా మూడు లక్షల దగ్గర మొదలై ఆ సినిమా నిర్మాణ వ్యయంలో అయిదు శాతం దాకా వెళ్ళొచ్చు. హీరో ఎంట్రీ రాగానే ఫోన్లెత్తే మన పిల్లలకి ఇదొక్కటి చెప్పి ఉంచండి. భయపడాల్సినదానికే భయపడదాం లెండి, పెళ్ళి ఊరేగింపులో పాటలు పెట్టుకుంటే మాత్రం నేరం కాదు, చట్టమే పెళ్ళి వేడుకల్ని మినహాయించింది. 2023 జులైలో కేంద్రప్రభుత్వం మళ్ళీ ప్రకటన కూడా ఇచ్చింది. ఫంక్షన్‌హాలువాళ్ళు పాటల లైసెన్సని వేలు అడిగితే ఆ ముక్క చెప్పండి.

సినిమాకి అరిచేవాళ్ళున్నారు. నాకు దిగులంతా మనలాంటివాళ్ళ రాతల గురించే. మా స్నేహితురాలు ఒకావిడ, పేరు చెప్పనులెండి, అమ్మ చనిపోయాక అమ్మ వంటగది మీద ఒక వ్యాసం రాసుకుంది. నెల తిరక్కుండా అది వాట్సాప్‌లో "చదివి కన్నీళ్ళు ఆగలేదు" అని ఆవిడకే వచ్చింది, పేరు తీసేసి. తర్వాత ఎవరో యూట్యూబులో దీపం బొమ్మ పెట్టి గొంతు వణికిస్తూ చదివేశారు. ఆవిడ మర్యాదగా కింద రాసింది, ఇది నాదండీ, పేరైనా వేయండి అని. ఆ ఛానెలావిడ జవాబు, "మంచి విషయం నలుగురికీ చేరితే మీకు సంతోషం కాదా?" అని. ఆవిడ అమ్మ చివరి రోజుల్లో అడిగిన చారు గురించి రాసిన వాక్యాలు, మధ్యలో కుక్కర్ ప్రకటన. ఫిర్యాదు పెడితే వారంలో తీసేశారు, అది మెచ్చుకోవాల్సిందే. కానీ అప్పటికే ఇంకో మూడు చోట్లకి ఎక్కింది. మా స్నేహితురాలు ఇప్పుడు డైరీలో రాసుకుంటోంది, మాకు కూడా చూపించదు.

మా మరిది షాపు ఇప్పటికీ ఉంది. అప్లికేషన్లు, ప్రాజెక్టు రిపోర్టులు, ఆధార్ ప్రింట్లు, పెళ్ళిపత్రికలు. పుస్తకం తెచ్చి తీయమంటే ఒక అధ్యాయం దాకా తీస్తాడు, మొత్తమంటే చేతులు జోడిస్తాడు. "మీకేం బాబాయ్, పక్క షాపులో తీస్తున్నారు" అని పిల్లలు వెళ్ళిపోతారు. పక్క షాపు అతనికి జరిగింది చెప్పాడట, అతను నవ్వేశాడట. పాత పుస్తకాలు సగం ధరకి కొని అమ్మే అర ఒకటి పెట్టాడు ఈమధ్య. అది బాగానే నడుస్తోంది. ఒకరు కొన్న పుస్తకాన్ని ఇంకొకరికి అమ్ముకుంటే ఎవరూ కాదనరు కదా.

పోయిన సంక్రాంతికి మా అమ్మ దగ్గరికి వెళ్ళాం, మరిదీ తోడికోడలూ కూడా వచ్చారు. అటకమీద మిగిలిన కాపీల్లోంచి ఒకటి తీసి అమ్మ అతని చేతిలో పెట్టింది. కాగితాలు పసుపురంగుకి తిరిగాయి, అట్ట మీద ఆవిడ పెట్టిన కుంకుమ మరక అలాగే ఉంది. రాత్రంతా కూర్చుని చదివాడు. పొద్దున్నే, "వదినా, దీన్ని నేను టైపు చేసి వేస్తాను. వంద కాపీలు చాలు, మన స్కూళ్ళకి ఇద్దాం" అన్నాడు. నాకు గొంతులో ఏదో అడ్డం పడింది. సరేనన్నాను. అతను మాత్రం కదలలేదు. "మామయ్యగారు 2021లో పోయారు. 2081 చివరిదాకా హక్కు అత్తయ్యగారిది, మీది, మీ తమ్ముడిది. ముగ్గురూ సంతకాలు పెట్టండి, అప్పుడు మొదలుపెడతాను" అని కాగితం తీశాడు. ఇంట్లో నవ్వని మనిషి లేడు. అతను నవ్వలేదు. హైదరాబాదులో ఉన్న మా తమ్ముడి సంతకం కోసం పోస్టులో పంపించాడు కూడా.

అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ కాగితం రెండుసార్లు చదివింది. సంతకం చేయబోయి ఆగి, "గేదె పద్యం ఉంచుతున్నావా బాబూ?" అంది.

"ఉంచకుండా ఎలా అత్తయ్యగారూ?"

"ఉంచు. కానీ అందులో నేను తవుడు పెడితే పాలివ్వదని రాశారు చూడు, అది అబద్ధం. ఆ తప్పొప్పుల చీటీలో వేయించు."

సంతకం ఇంకా చేయలేదు. బేరం నడుస్తోంది.